ఇద్దరు పాపాయమ్మలు

అమలాపురం,
18-7-2002, గురువారం.

అమ్మకి నాగదుర్గ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నాన్న, మామ్మ, తమ్ముడు సాయి, నేను అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ బాగున్నావని తలుస్తాను అని రాయడానికి ఎప్పుడూ క్షణం ఆలోచించలేదు. ఇవాళ ఆ ముక్క దగ్గర పెన్ను ఆగిపోయింది. అయినా రాస్తున్నాను. నువ్వు బాగున్నావు. బాగుండాలి. ఎందుకిలా రాస్తున్నానో కింద చెప్తాను, నువ్వు కంగారుపడి మధ్యలో కాగితాలు తిప్పేయకు. పోయిన ఉత్తరంలో నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెప్పనీ. ఇంటి కబుర్లు రాస్తుంటే పెన్ను మళ్ళీ నడుస్తోంది.

మామ్మకి కంట్లో శుక్లం తీసేశారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అరుగు మీద కూర్చుని వీధిలో పోయేవాళ్ళందరినీ పేరుపెట్టి పిలుస్తోంది. సగం పేర్లు తప్పు. "మీ అమ్మ మొహం మళ్ళీ చూద్దామనే ఈ కోతకి ఒప్పుకున్నానని రాయవే" అంది. రాశాను. సాయికి లెక్కలు గట్టెక్కాయి, ఇంగ్లీషు మళ్ళీ రాయాలి. నువ్వు తిట్టక్కర్లేదు, నీ వంతు కూడా నేనే తిట్టేశాను. నాన్న కొబ్బరికాయల ఒలుపుకి వెళ్తున్నాడు, నడుం నొప్పి అంటాడు గానీ మానడు. వంటింటి మీద రేకులు వేయించాం. వానపడితే ఒకరి మాట ఒకరికి వినపడక ఇంట్లో పోట్లాటలు బాగా తగ్గాయి.

నువ్వు అడిగిన చింతకాయ పచ్చడి, ఎండురొయ్యల పొడి రమణ మావయ్య చేత పంపుతున్నాను. మన వీధి చివర వీరవెంకటరమణ మావయ్యే, కువైట్‌లో డ్రైవరు. సెలవు అయిపోయింది, శనివారం విమానం. ఈ ఉత్తరం కూడా పోస్టులో వేయడం లేదు, ఆయన చేతికే ఇస్తున్నాను.

ఇక నీ పెద్ద ప్రశ్న. "పొద్దస్తమానం కంప్యూటర్లో రాస్తున్నానంటావు, ఎవరికే రాస్తున్నావు?" అని అడిగావు. చదివి అందరం నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు గానీ చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతేనే తరవాత రాసేది నీకు అర్థమవుతుంది.

నేను పనిచేసే తాతారావుగారి ఆఫీసు నీకు తెలిసిందే, నిన్ను కువైట్‌కి ఇంటిపనికి పంపింది ఆయనే. గల్ఫ్ వెళ్ళినవాళ్ళ వివరాలన్నీ పెట్టుకోడానికి ఆయన కోసం నేను జావాలో ఒక ప్రోగ్రాం రాశాను. జావా అంటే కంప్యూటర్‌కి పని చెప్పే భాష. అందులో ఒక్కో మనిషికీ ఒక్కో వస్తువు చేసి దాచుతాం, దాన్ని ఆబ్జెక్ట్ అంటారు. మనిషి పేరు, భర్త పేరు, ఊరు, పుట్టిన తేదీ అన్నీ దాని కడుపులో ఉంటాయి. రెండు ఆబ్జెక్టుల్ని పక్కపక్కన పెట్టి రెండు రకాలుగా అడగొచ్చు. మన ఇంట్లో గృహప్రవేశానికి పంచిన స్టీలు గ్లాసులు రెండున్నాయి కదా, రెండింటి మీదా ఒకే పేరు, ఒకే తేదీ చెక్కి ఉంటుంది. ఈ గ్లాసూ ఆ గ్లాసూ ఒకేలా ఉన్నాయా అంటే అవును. ఈ గ్లాసే ఆ గ్లాసా అంటే కాదు. ఒకటి నూతిలో పడిపోతే రెండోది వంటింట్లో భద్రంగానే ఉంటుంది. జావాలో రెండు సమాన గుర్తులు పక్కపక్కన వేస్తే "ఇదే అదా" అని అడిగినట్టు. ఈక్వల్స్ అని రాస్తే "ఒకేలా ఉన్నాయా" అని అడిగినట్టు. కానీ ఒకేలా ఉండటమంటే వేటివేటిని చూసుకోవాలో కంప్యూటర్‌కి తెలీదు, రాసేవాళ్ళు చెప్పాలి. ఇన్‌స్టిట్యూట్‌లో మా మాస్టారు "అక్కడ తొందరపడకండమ్మా" అని మరీ మరీ చెప్పేవారు. నేను తొందరపడ్డాను.

పాస్‌పోర్టు నంబరు చూసి పోల్చమని మొదట రాశాను. తాతారావుగారు ఒప్పుకోలేదు. "పాస్‌పోర్టులు పోగొట్టుకున్నోళ్ళు, కొత్తవి తీయించుకున్నోళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారమ్మా. నంబరు మారిందని ఒకావిడే ఇద్దరైపోతే నేనెంతమందిని పంపేనో నాకే తెలీదు. పేరు, మొగుడి పేరు, ఊరు, పుట్టిన్రోజు కలిసేయంటే ఒకే మనిషి కింద లెక్కేసెయ్" అన్నారు. ఆయ్ అండి అని నంబరు తీసేశాను. నాలుగూ కలిస్తే పాత ఆబ్జెక్టునే ఉంచి, కొత్త పాస్‌పోర్టు నంబరు మాత్రం అందులో మార్చేసేలా రాశాను.

పుట్టినరోజుల సంగతి నీకు తెలుసు. మరీ చిన్నవాళ్ళని ఇళ్ళపనికి పంపనివ్వరు, మరీ పెద్దవాళ్ళని అక్కడివాళ్ళు వద్దంటారు. అందుకని ఆయన దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళలో సగంమంది ఒకటో తారీకు జూలై 1968న పుట్టినవాళ్ళే. నలభై ఏళ్ళ నిన్ను ముప్పై రెండుకి దింపేస్తే ఇంటికొచ్చి "ఇకనించి నన్ను గారాబంగా చూసుకోండి" అని నాన్నని ఏడిపించావు. ఊళ్ళ పేర్లు అక్కడెవరికీ పలకవని, మన చుట్టుపక్కల ఎవరొచ్చినా రాజోలు అనే రాయించేవారు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా ఆ నాలుగు ముక్కలతోనే మనిషిని గుర్తుపట్టమన్నాను.

ప్రోగ్రాం రాశాక సరిగా పనిచేస్తోందో లేదో పరీక్షించాలి కదా. రెండు ఆబ్జెక్టులు చేసి రెండింట్లోనూ నీ వివరాలే కొట్టాను, నాకు చూడకుండా వచ్చినవి అవే. కడలి పాపాయమ్మ, భర్త సత్యనారాయణ, రాజోలు, 1-7-1968. మళ్ళీ అదే. ఈ రెండూ ఒకేలా ఉన్నాయా అని అడిగితే ట్రూ అని వచ్చింది. కుర్చీలోంచి గెంతాను. నాలుగూ ఒకటే అయ్యుండి మనుషులు మాత్రం వేరైతే ఫాల్స్ రావాలి కదా, అది వస్తుందో లేదో చూడాలని నాకు తట్టలేదు. అలా ఎందుకుంటారులే అనుకున్నాను.

అమ్మా, ఇప్పుడు అసలు సంగతి. నిలబడి చదువుతుంటే కూర్చో.

సోమవారం మధ్యాహ్నం కువైట్ ఏజెంటు దగ్గర్నుంచి ఆఫీసుకి ఫాక్స్ వచ్చింది. రోడ్డు దాటుతున్న ఒకావిడని కారు గుద్దింది, తలకి దెబ్బ, ఆసుపత్రిలో ఉంది, స్పృహ లేదు, ఏ ఇంట్లో పనిచేస్తోందో ఎవరికీ తెలీదు అని. ఆవిడ సంచిలో ఇంకే కాగితమూ లేదట. మన ఆఫీసు ఇచ్చే కార్డు ఒక్కటే ఉందట. ఆ కార్డు నా ప్రోగ్రాంలోంచి అచ్చువేసేదే, దాని మీద కూడా ఆ నాలుగు ముక్కలే ఉంటాయి. కడలి పాపాయమ్మ. భర్త సత్యనారాయణ. రాజోలు. 1-7-1968.

ఏదో ఆశతో ఆ నాలుగూ ప్రోగ్రాంలో కొట్టి చూశాను. ఒక్కరే ఉన్నారంది. మన ఇంటి అడ్రసు చూపించింది. నమ్మలేక మళ్ళీ తెర చూస్తే, అందులో ఉన్న పాస్‌పోర్టు నంబరు నీది కాదు. నీ నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్తాను నేను. అది వేరే.

తాతారావుగారిని అడిగితే ఆయనకి వెంటనే గుర్తొచ్చింది. "అవునమ్మా, మొన్న మాఘమాసంలో సఖినేటిపల్లి నుంచి ఒక పిల్లొచ్చింది కదా. అదే ఇంటిపేరు, అదే పేరు, మొగుడూ సత్యనారాయణే. ఇరవై నాలుగేళ్ళుంటే నేనే తొమ్మిది పెంచేను" అన్నారు. అప్పుడు నాకూ లీలగా గుర్తొచ్చింది. బల్ల చివర చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సన్నటి మనిషి. ఆ రోజు కాగితాలు గుట్టగా ఉన్నాయి, తల ఎత్తకుండా కొట్టుకుపోయాను. "ఈ మనిషి ముందే ఉంది, నంబరు మార్చాను" అని తెర మీద వచ్చే ఉంటుంది. చూడలేదు. ఆవిణ్ణి నీలో కలిపేశాను. ఆవిడ ఊరు గానీ, ఇల్లు గానీ ఎక్కడా రాసి లేవు. కంప్యూటర్‌కెక్కాయి కదా అని పాత కాగితాలన్నీ ఆయన ఎప్పుడో తగలబెట్టించేశారు.

నేను రాసింది తప్పని తెలిసి నేను ఏడ్చిన ఏడుపు సంతోషంతోనే. ఇంకో పాపాయమ్మ ఉందంటే, నువ్వు కాకపోవచ్చు. తరవాత భయం వేసింది. కార్డు ఇద్దరి దగ్గరా ఉంది. మీ మేడం ఇంటికి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. ఎండలకి వాళ్ళు ఊళ్ళు తిరగడానికి వెళ్తారనీ, నిన్ను తీసుకెళ్తారో, కాపలా ఉంచుతారో తెలీదనీ నువ్వే రాశావు. తీసుకెళ్ళి ఉంటే బాగుండునని మొక్కుకుంటున్నాను. కాపలా ఉంచి ఉంటే, రొట్టెకో పాలకో రోడ్డు దాటి ఉంటావు.

తలకి ఆపరేషను చెయ్యాలి, ఇంటివాళ్ళ వేలిముద్ర కావాలని మళ్ళీ ఫాక్స్ వచ్చింది. ఆ కాగితం పట్టుకుని మంగళవారం సఖినేటిపల్లి బస్సెక్కాను. నాన్న చేత వేయించకుండా అక్కడికే ఎందుకు వెళ్ళానో ఇప్పుడే అడగకు.

రేవు దగ్గర వాకబు చేస్తే ఇల్లు చూపించారు. ఆవిడ అత్తగారి పేరు అచ్చమ్మ. కొబ్బరాకులు అల్లుకుంటోంది. కొడుకు ఓడలరేవు వైపు గ్యాసు పైపుల పనికి వెళ్ళాడట. మనవరాలు ఆకుల్లో కూర్చుని ఈనె నములుతోంది.

"ఆఫీసు నించొచ్చేరాండి? కూర్చోండి, కూర్చోండి. మా పాపాయమ్మ గానీ ఫోను చేసిందాండి? పోయిన శుక్రవారం చేస్తానంది, చెయ్యలేదు" అంది.

ఊరికే కూర్చుని మంచినీళ్ళు తాగి, ఎలా అడగాలో తెలీక, "మీ కోడలుగారికి పుట్టుమచ్చ గానీ, ఏదైనా దెబ్బ గుర్తు గానీ ఉన్నాయాండి?" అన్నాను.

ఆవిడ చేతిలో ఆకు ఆగిపోయింది. "గుర్తులెందుకండి?"

"ఆఫీసులో రాసుకోడానికండి."

"ఎళ్ళేటప్పుడు అడగలేదు కదండి. ఇప్పుడడుగుతున్నారంటే మనిషి తన పేరు తను చెప్పుకోలేకుండా ఉందన్నమాటే కదండి." పిల్లని దగ్గరికి లాక్కుంది. "బతికుందాండి?"

"బతికే ఉన్నారండి. తలకి దెబ్బండి" అన్నాను.

ఆవిడ ఏడవలేదు. పిల్లని ఒళ్ళో అటూ ఇటూ మార్చుకుంటూ కూర్చుంది. "కుడిచెవి తమ్మె చిరిగిపోయుంటుందండి. ఇదిగో, ఇదే, పాలు తాగుతా తాగుతా దుద్దు పట్టుకుని లాగేసింది. కుట్టించుకోవే అంటే, తిరిగొచ్చేక బంగారం దుద్దులు కొనుక్కుని అప్పుడు కుట్టించుకుంటానత్తా అంది" అని చెప్పింది. బొటనవేలికి సిరా రాస్తుంటే నా మొహంలోకి చూసి అడిగింది. "కంప్యూటర్లో అన్నీ తెలిసిపోతాయంట కదండి. మా పిల్లేనని కంప్యూటర్ చెప్పిందాండి?"

"ఆయ్" అన్నానమ్మా.

ఇంతసేపూ దాటేస్తూ వచ్చింది ఇదే, ఇప్పుడు చెప్పేస్తాను. సోమవారం సాయంత్రం కువైట్ ఏజెంటు ఫోను చేసి "ఈవిడ తాలూకువాళ్ళు ఎవరని రాయమంటారు?" అని అడిగాడు. తాతారావుగారు అప్పటికే వెళ్ళిపోయారు, ఫోను ఎత్తింది నేనే. తెలీదు అని చెప్పాలి. ఇద్దరున్నారండి, ఎవరో తెలీదండి అనాలి. నేను "సఖినేటిపల్లివాళ్ళండి" అని చెప్పేశాను. ఒక్క ఆధారం లేదు నా దగ్గర. అలా రాయించేస్తే అక్కడ పడుకున్నది నువ్వు కాకుండా పోతావనిపించింది. ఒకేలా ఉన్న ఇద్దర్ని తెలీక కలిపేసిందాన్ని, తెలిసి తెలిసి వాళ్ళలో ఒకరిని వేలుపెట్టి చూపించాను. ఎవరో కన్నపిల్ల అయితే ఫరవాలేదనుకున్నాను. నీ కూతురు అంత పని చేసింది.

ఆ వేలిముద్ర సంచిలో పెట్టుకుని తిరుగు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాక గానీ తట్టలేదు. అక్కడున్నది నువ్వే అయితే, నీ తల కొయ్యడానికి ఎవరో ముక్కూమొహం తెలీని ఆవిడ చేత ఒప్పుదల ఇప్పించాను. నీకేమన్నా అయితే నిన్ను సఖినేటిపల్లికి పంపుతారు. మేం ఇక్కడ నీ ఫోను కోసం చూస్తూ ఉంటాం. వచ్చే ఊళ్ళో బస్సు దిగిపోయి వెనక్కి నడిచాను.

అచ్చమ్మగారికి మొత్తం చెప్పాను. గ్లాసులూ జావా చెప్పలేదులే, మీ కోడలూ మా అమ్మా కాగితం మీద ఒకేలా ఉన్నారండి, నేను ఒకరే అనుకున్నానండి అని చెప్పాను. అప్పుడు మాత్రం ఆవిడ లేచి నిలబడింది. "అంటే మా పిల్లని మీ అమ్మలో కలిపేసేరా? అందరితో పాటే కదండి పంపించేం. ఇన్నాళ్ళూ మా పిల్ల మీ దాంట్లో లేనే లేదా? రేపు అది పోతే, పోయినట్టు కూడా ఉండదా అండి?" అని అరిచింది. చుట్టుపక్కలవాళ్ళు వచ్చేశారు. తల దించుకుని నిలబడ్డాను. కొట్టినా పడేదాన్ని.

కాసేపటికి ఆవిడే, "మీ అమ్మకి గుర్తేంటి?" అంది.

"ఎడం అరచేతిలో మచ్చండి. కొబ్బరికాయ ఒలుస్తుంటే గునపం దిగింది."

"ఏదో ఒక ఇంట్లో ఏడవాల్సిందేనన్నమాట" అని గుమ్మంలో కూర్చుండిపోయింది. వేలిముద్ర కాగితం వెనక్కి ఇవ్వబోతే తీసుకోలేదు. "ఉంచండి. మీ అమ్మైనా సరే, అది ఆగకూడదు కదండి. పంపించెయ్యండి" అంది.

ఆఫీసుకొచ్చి ఆ కాగితం ఫాక్స్‌లో పంపి, నేనే ఏజెంటుకి ఫోను చేశాను, రెండిళ్ళ పేర్లూ రాయమన్నాను. "ఒక మనిషికి ఇద్దరు అత్తగార్లేంటమ్మా, తమాషాగా ఉందా?" అని కేకలేశాడు. చివరికి రాసుకున్నాడు. ఆవిడకి వయసెంతుంటుందండి, చూడ్డానికి ఎలా ఉన్నారండి అని అడిగితే, వెళ్ళి చూడను కూడా చూడలేదు, కార్డు మీద తేదీయే చదివి వినిపించాడు. మొహం వాచిపోయిందని ఆసుపత్రివాళ్ళు అన్నారట. తలంతా కట్లు, చెవులు కనపడవట. ఎడం అరచేతికి కూడా కట్టు కట్టారట. ఇవాళ మళ్ళీ అడిగితే ఆపరేషను నిన్న అయిపోయిందన్నాడు, ఇంకా కళ్ళు తెరవలేదట. ఆదివారం కట్లు మారుస్తారట.

ప్రోగ్రాం బాగుచేశానమ్మా. ఇప్పుడు పాస్‌పోర్టు నంబరు కూడా చూస్తుంది. నిన్నూ ఆవిణ్ణీ పక్కపక్కన పెట్టి అడిగితే ఫాల్స్ అంటోంది. ఇద్దరూ విడివిడిగా ఉన్నారు. మంచం మీద ఉన్నది ఎవరో మాత్రం దానికి తెలీదు. నాన్నకి ఇంకా చెప్పలేదు. ఇవాళ సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలో తెలీక ఆఫీసులోనే కూర్చుని ముందు నీకు రాస్తున్నాను. ఏ కష్టం వచ్చినా ముందు నీకే కదా చెప్పేది.

రమణ మావయ్యకి అంతా చెప్పాను. ఆయన దిగగానే ముందు ఆసుపత్రికి వెళ్తాడు. కట్లు విప్పే వేళకి అక్కడే ఉండి చెవీ, చెయ్యీ చూడమన్నాను. అరచేతిలో మచ్చ ఉంటే మంచం పక్కన కూర్చుని ఈ ఉత్తరం మొదటినుంచీ, వంటింటి రేకులతో సహా, గట్టిగా చదవమన్నాను. నువ్వు కళ్ళు తెరవకపోయినా చదవమన్నాను. చెవి చిరిగి ఉంటే మీ మేడం ఇంటికొచ్చి నీ చేతిలో పెట్టమన్నాను.

నీ చేతికే వస్తే, అమ్మా, పని మానుకుని అయినా ఆ పిల్ల దగ్గరికి వెళ్ళు. ఎవరంటే అక్కని అని చెప్పు. తలకి దెబ్బ తగిలింది కదా, గట్టిగా మాట్లాడకు. వాళ్ళ అత్తగారు పిల్లకి సీసాపాలు మాన్పించేసిందనీ, అన్నం తింటోందనీ, బెంగ పెట్టుకోవద్దనీ చెప్పమంది. నా సంగతి కూడా చెప్పు. ఏం చేశానో చెప్పు.

నువ్వు కాకూడదని మొక్కుకోబోతే, ఈనె నములుతున్న ఆ పిల్ల కళ్ళ ముందుకొస్తోంది. నువ్వు కాకూడదంటే దాని అమ్మ కావాలి కదా. దేవుణ్ణి ఏమడగాలో తెలీక దీపం పెట్టి ఊరికే నిలబడుతున్నాను. ఆదివారం నుంచీ ఆఫీసులో ఫోను పక్కనే ఉంటాను, అచ్చమ్మగారు కూడా వస్తానంది. ఇద్దరిలో ఎవరు మాట్లాడినా చాలు అని రాయాలని ఉంది. అలా రాస్తే మంచిదాన్నవుతాను. కానీ రాయలేనమ్మా. నాకు నీ గొంతే కావాలి.

ఇట్లు,
ఫోను దగ్గర కూర్చుని ఉన్న నీ కూతురు,
నాగదుర్గ.